మాస్టారు వస్తారని చేసిన పనీరు

"రేపు సాయంత్రం మీ ఇంటికొస్తామండీ. మా ఆవిడ హార్బరు చూస్తానంటోంది," అని ఫోన్ చేశారు, మా అమ్మాయికి కూచిపూడిలో నాట్యం నేర్పే మాస్టారు. సరేనండీ అన్నానే గానీ, ఫోన్ పెట్టాక నాకు కాలు నిలవలేదు. గిలకలదిండిలో మా ఇంటికి ఎవరొచ్చినా రొయ్యల వేపుడు పెట్టడమే నాకు తెలుసు. వీళ్లేమో గుడ్డు కూడా ముట్టరు.

డిగ్రీ చదివే మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. పాలు విరగ్గొట్టి పనీరు చేసి, ముక్కలు కోసి, మిరియాలపొడి, కొత్తిమీర అద్ది, కీర ముక్కతో కలిపి పుల్లకు గుచ్చడమే. అది చూడగానే ఇద్దరికీ హుషారొచ్చింది.

మా గిన్నెలకు నీచు వాసన పోదు. అందుకని వెంటనే బందరు బజారుకెళ్లి కొత్త గిన్నె, కొత్త చాకు, పల్చటి తెల్లగుడ్డ కొనుక్కొచ్చాను. మర్నాడు మధ్యాహ్నం గేదెపాలు కాగుతుంటే మా అత్త వచ్చి తొంగిచూసింది. ఏళ్ల తరబడి చేపల గంప మోసిన మనిషి.

"ఏం చేత్తన్నావే?"

"జున్నులాంటిది అత్తా."

"ఎవరి గేదె ఈనింది?"

నవ్వుకుంటూనే నిమ్మరసం పిండాను. పాలు విరిగి, తెల్లటి ముద్దలు పైకి తేలి, అడుగున నీళ్లు లేతపచ్చగా తేరుకుంటుంటే ముగ్గురం గిన్నె మీదకు వంగిపోయాం. గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో కడిగి, మూటకట్టి, పైన నీళ్ల బిందె పెట్టాను. గంట ఆగాలి. నేను పావుగంటకే విప్పి చాకు పెట్టాను. ఒక మూల పొడిపొడిగా రాలిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీకు తొందరెక్కువ. మళ్లీ కట్టు," అంది అత్త. ఈసారి బిందె పక్కనే పీట వేసుకుని కూర్చుంది, నన్ను దగ్గరికి రానివ్వకుండా. గంటయ్యాక చాకు కూడా తనే తీసుకుంది. కొలిచి కోసినట్టు ముక్కలన్నీ ఒకటే సైజు. ఒక్కదాని అంచు చెదరలేదు.

మాస్టారు, ఆయన భార్య హార్బరు చూసి వచ్చారు. పళ్లెం ముందుపెట్టి, "అన్నీ కొత్త గిన్నెల్లోనే చేశామండీ," అన్నాను.

"ఆ మాట చెప్పక్కర్లేదమ్మా," అని ఆవిడ ఒక పుల్ల తీసుకుని తినేసి, ఇంకోటి అందుకుంది.

"ఇంత సమానంగా ఎవరు కోశారండీ?" అని అడిగారు మాస్టారు.

"నేనేనయ్యా," అంది తలుపు పక్కన నిలబడ్డ అత్త. ఆయన లేచి ఆమెకు తన కుర్చీ చూపించారు. అత్త ఏ మొహమాటమూ లేకుండా కూర్చుని, "చాకు నొక్కకూడదు, లాగాలి. వంజరం చేపైనా అంతే," అని గాలిలో చెయ్యి ఆడించి చూపించింది. నేను కంగారుపడ్డాను గానీ, మాస్టారి భార్య ఎంత శ్రద్ధగా చూసిందో.

పళ్లెంలో చివరి పుల్ల మా అమ్మాయి నా నోట్లో పెట్టింది. అప్పుడు తెలిసింది, ఉప్పే వెయ్యలేదని. ఎవరూ ఆ మాట అననే లేదు.