నాయన వద్దన్న చోట్లు

ఇవాళ పొద్దున వంటింట్లో నువ్వులనూనె కాగి, ఎండుమిరపకాయలూ ఇంగువా అందులో పడి, చింతపండు పులుసు చిక్కబడుతున్న వాసన ఇల్లంతా కమ్ముకున్నప్పటి నుంచీ నాకు ఒకచోట నిలకడ లేదు. రేపు కోయంబత్తూరు నుంచి మదురైకి కారులో పోతున్నాము. దారిలో ఎక్కడ ఆగి తినాలో మా అమ్మాయి ఫోనులో బొమ్మలు జరుపుతూ ఎంచుతోంది. ఒక్కో చోటు నాకు చూపించి "ఇది ఓకేవామ్మా?" అంటుంది. చెరువు బాగానే ఉంటుంది, కొండా బాగానే ఉంటుంది. అయినా నా నోట "ఇంకా రవంత ముందుకు పోయి చూడు" అనే మాటే వస్తోంది. నాలుగోసారి అన్నాక గానీ అది నా మాట కాదని, మా నాయన మాట అని తెలియలేదు.

నాయనకు కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో పాత్రల అంగడి ఉండేది. ఇత్తడి బిందెలూ స్టీలు గంగాళాలూ నేల నుంచి పైకప్పు దాకా పేర్చిన ఆ ఇరుకు గదిలో, వీధిలోకి చూడడానికి కూడా సందు లేని ముక్కాలిపీట మీద ఏడాదంతా కూర్చునే మనిషి, ఏడాదికొకసారి వేసవి సెలవుల్లో మదురైలో ఉన్న మా అత్త ఇంటికి పోయే ఆ ఒక్కరోజూ చెట్టూ నీళ్లూ కొండా అన్నీ ఒకేచోట కుదిరితే తప్ప కూర్చోనని పంతం పట్టేవాడు. అమ్మ కోడి కూయకముందే లేచి చింతపండు పులుసుతో పులిసాదం కలిపి, పెరుగన్నంలో అల్లం తురిమి, మినపవడలు వేసి, మజ్జిగ మిరపకాయలు వేయించి, అరటాకులు తడిగుడ్డలో చుట్టి పెట్టేది. మేము మాత్రం వాటిని ఏ పొద్దూ వేళకు తిన్న పాపాన పోలేదు. పొళ్లాచ్చి దాటాక టెంకాయ తోపుల్లో చల్లగా ఉంటుంది కదా అని ఆగితే నాయన తల పైకెత్తి చూసి, కాయ నెత్తిన పడుతుందనేవాడు. ఉడుమలపేట దాటితే గాలికి అన్నంలో దుమ్ము పడుతుందనేవాడు. అమరావతి ఏటి గట్టున బట్టలు ఉతికేవాళ్లు ఉంటే, నలుగురూ మన నోటి వంక చూస్తా ఉంటే ముద్ద దిగుతుందా అనేవాడు. దిగడం, నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులూ చూడడం, మళ్లీ ఎక్కడం. వెనక సీటులో నేను వేడెక్కిన రెక్సినుకు తొడలు అంటుకుని, ఒళ్లో ఉన్న వడల డబ్బా మూతను గోటితో తీస్తూ మూస్తూ, అమ్మ కళ్లెర్రజేస్తే ఆపుతూ ఉండేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లు నిండిన వేసవిలో అవ్వ కూడా మాతో బయలుదేరింది. అవ్వ అంటే నాయనకు తల్లి. ఆమెకు అప్పటికే ఒక కన్ను పోయింది. రెండోదానికీ చూపు తగ్గుతోందని, మదురైలో పెద్ద డాక్టరుకు చూపించమని మా ఊరి డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న నాటి నుంచి నాయన ఇంట్లో కుదురుగా కూర్చున్నది లేదు. బయలుదేరే ముందు అమ్మతో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది: "డాక్టరు ఏమి చెప్తాడో ఏమో. దారిలో మా అమ్మకు ఒక మంచి చోటు కంటినిండా చూపించాల. ఆమె పెండ్లయి వచ్చినాక ఆ వంటిల్లు దప్ప ఏమి చూసింది?"

అందుకని ఆ ఏడు నాయన వెతుకులాట మరీ ఎక్కువైంది. అవ్వ నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. కారు ఆగినప్పుడల్లా నాయన దిగి అటు నడవగానే అవ్వ నా మణికట్టు పట్టుకుని గుసగుసగా, "కన్నూ, ఏమి ఉండాదో చెప్పు" అనేది. నేనది ఆట అనుకున్నాను. "టెంకాయ చెట్లు, కాలువ, కాలువలో తెల్ల కొంగలు" అని చెప్పాను. నాయన వెనక్కి రాగానే అవ్వ పైకి, "కొంగలు ఎంత బాగుండాయప్పా!" అంది. నాయన ముఖం విప్పారింది. అయినా చెట్టు మొదట్లో గండుచీమలు ఉన్నాయని మళ్లీ కారెక్కించాడు. ఏటి దగ్గరా అంతే. నేను చెప్పాను, అవ్వ మెచ్చుకుంది, నాయన మురిసిపోయాడు, కారు కదిలింది.

పళని దాటేసరికి ఎండ నడినెత్తి నుంచి పడమటికి వాలింది. కుడివైపు కొండలు వేడికి వణుకుతున్నట్టు కనబడుతున్నాయి. నా కడుపులో పేగులు అరుస్తున్నాయి. అమ్మ రెండుసార్లు "ఎక్కడైనా నిలపండి, అత్తమ్మకు తినే పొద్దు తప్పుతా ఉండాది" అంది. నాయన వినలేదు. ఒట్టన్‌చత్రం ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజను వేడెక్కి, తప్పనిసరై ఒకచోట నిలిపాడు. దున్ని వదిలేసిన ఎర్రనేల, కుంటి వేపచెట్టు ఒకటి, దూరంగా పంక్చర్లు వేసే కొట్టు ముందు పాత టైర్ల గుట్ట. చూడడానికి అక్కడ ఇంకేమీ లేదు. నాయన నీళ్లు పోయడానికి ఇంజను దగ్గరికి పోయాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

ఉన్నది చెబితే కారు మళ్లీ కదులుతుందని నాకు భయం. "పెద్ద సూర్యకాంతి తోట ఉండాది అవ్వా. కనుచూపు మేర పూలే. అన్నీ మన దిక్కే చూస్తా ఉండాయి" అన్నాను.

నాయన కారు మూత వేసి వచ్చి, "ఇక్కడేమీ లేదమ్మా, ఇంకా రవంత ముందుకు పోదాము" అన్నాడు.

అవ్వ నవ్వుతూ చేలవైపు ముఖం తిప్పింది. "ఏమీ లేదంటావేమప్పా? ఆ సూర్యకాంతి పూలు చూడు, పసుపు ఆరబోసినట్టు! ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతుంది? ఇక్కడే కూచుందాము."

నాయన ఆ ఎర్రనేల వైపు చూశాడు. అవ్వను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆయన కూజాలోంచి లోటాలోకి నీళ్లు వంచి, చప్పుడు చేయకుండా అవ్వ ముందుకు చాపి నిలబడ్డాడు. అవ్వ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నవ్వు ముఖంతో ఆమె ఇంకా చేలవైపే చూస్తోంది. అంతసేపూ లోటా గాలిలోనే ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి నాయన వంగి, అవ్వ చెయ్యి తీసి, లోటా చుట్టూ ఆమె వేళ్లు తనే ముడిచాడు.

"ఎన్నాళ్లాయమ్మా?"

అవ్వ నవ్వు మెల్లగా పోయింది. "శివరాత్రి పోయిన కాడి నుంచి."

"నాతో చెప్పకూడదా?"

"చెప్తే ఏమి చేస్తువు? ఈ పొద్దు నాకు లోకమంతా చూపించాలని పరుగెత్తుతా ఉండావు. నాకు కనిపించదని ఎట్ల చెప్పేదప్పా?"

పంక్చర్ కొట్టు దగ్గర ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు. నాయనే దుప్పటి తీసి వేపచెట్టు కింద పరిచి, అవ్వను నడిపించుకుని వచ్చి కూర్చోబెట్టాడు. ఆకు వేసి, ఆమె వేలు పట్టి, "ఇది పులిసాదం, ఇది వడ, ఈ పక్క మిరపకాయ, చూసి కొరుకు" అని చూపించాడు. అవ్వ రెండుసార్లు పెట్టించుకుని తింది. అంత ఆకలితో ఉన్న నేను మాత్రం ముద్ద ఆకులోనే వదిలేసి కన్నీళ్లు తుడుచుకున్నాను. అది చూడకుండానే ఆమెకు తెలిసిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని, "ఏడవద్దు కన్నూ. ఇంక మీదట ఏముండాదో అదే చెప్పు. టయర్లు ఉంటే టయర్లని చెప్పు" అంది.

మదురై డాక్టరు చాలా ఆలస్యమైందన్నాడు. అవ్వ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. ప్రతి వేసవీ మాతో వచ్చేది. నాయన ఇక ఎక్కడా వెతకలేదు. ఆకలైందని ఎవరన్నా అన్న చోటే, ఎంత బోడి నేలైనా సరే, కారు ఆపేవాడు. నేను అవ్వ పక్కన కూర్చుని ఉన్నవి ఉన్నట్టు చెప్పేదాన్ని: సున్నం రాలిన గోడ, ఉల్లిగడ్డల లారీ, లారీ కింద పడుకున్న డ్రైవరు, వాడి కాలికి ఒకటే చెప్పు. ఆ ఒంటి చెప్పు సంగతి విని అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. రెండోది ఎక్కడుందో వెతికి చెప్పమని నన్ను కారు చుట్టూ తిప్పింది.

ఆ సూర్యకాంతి తోట అబద్ధం ఆకలికే ఆడానని నాయనకు చెప్పడానికి నాకు పెళ్లి దాకా పట్టింది. ఆయన బిందెలు తుడుస్తున్నాడు, ఆపలేదు. "నువ్వు చెప్పకపోయుంటే మా అమ్మను మదురై దాకా పస్తుతో పిలుచుకోని పోయుందును" అన్నాడు.

ఇప్పుడు నాయనా లేడు, అంగడీ లేదు. దారి వెడల్పు చేసినప్పుడు ఆ పక్కనున్న చెట్లన్నీ కొట్టేశారు. కొత్త రోడ్డు ఊళ్లకు దూరంగా పోతుంది, వేప ఎక్కడుండేదో పంక్చర్ కొట్టు ఎక్కడుండేదో గుర్తుపట్టే వీలు లేదు. కారు అద్దాలు దించితే చల్లదనం పోతుందని మా పిల్లలు దించనివ్వరు. వాళ్లు తమలో తాము తమిళం మాట్లాడుకుంటారు, మధ్యలో ఇంగ్లీషు, నాతో మాత్రం నాలుగు తెలుగు ముక్కలు. ఆ దారి పొడుగునా నేను కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. మేకలు, టోలుగేటు, ఎండిన వాగు, నిలబడిపోయిన లారీ. కాసేపు ఈ పక్క, కాసేపు ఆ పక్క జరుగుతాను. ఏమి ఉందో చెప్పమని అడిగే మనిషి పక్కన లేక, చూసినవన్నీ నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతాయి.