తొలి కన్ను అమ్మవారికే

మా ఆయనకు అబద్ధం ఆడటం రాదు. పొగుడుతున్నాననుకునేరు, కాపురం చేసినదాన్ని కాబట్టి ఆ బాధ నాకు తెలుసు. పక్కింటావిడ ప్రేమగా పులుసు పంపి ఎలా ఉందని అడిగితే, ఉప్పెక్కువైందని వాళ్ళ గుమ్మంలోనే నిలబడి చెప్పి వస్తారు. తరువాత ఆవిడతో మాటలు కలుపుకోవడం నా వంతు.

ఆయన టెక్కలిలో కంపౌండరు. ఊరందరికీ 'కంపౌండరు గారే'. మా అత్తగారు పోయాక ఆయన్ని పేరు పెట్టి పిలిచే మనిషే లేకుండా పోయింది. నేను పిలవకూడదు కదా. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. "ఎక్కడో ఒకచోట, నేను చేసిన వస్తువు మీద నా పేరు ఉండాలే" అనేవారు అన్నం తింటూ. ఆయనకున్న ఆశల్లా అదొక్కటే.

యాభై ఆరులో కాబోలు జోగమ్మ మా ఇంటికి వచ్చింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి. కాలుతున్న పిక్క పగిలి రసం చిమ్మి ఎడమ కన్ను పోయింది. విశాఖపట్నంలో గాజు కన్ను పెట్టారు. రోజూ తీసి కడిగి, మళ్ళీ పెట్టుకోవాలి. జీడిసొన తగిలి తగిలి ఆమె వేళ్ళు మొద్దుబారిపోయాయి, ఎడమచెయ్యి అసలు ముడుచుకోదు. పెట్టుకోబోతే కన్ను జారి ఏ చేటలోనో పడేది. కోడలు పెడితేనే కన్ను.

"నా కన్ను నాను ఎట్టుకోడానికి కోడల్ని బతిమాలాలేటి బాబూ?" అని మా అరుగు మీద కూర్చుని గొడవ పెట్టుకుంది, అదేదో మా ఆయన తప్పైనట్టు.

అప్పట్నుంచి మా ఆయనకు నిద్ర లేదు, నాకు మనశ్శాంతి లేదు. ఇంకు ఫిల్లరుకుండే రబ్బరు తిత్తి తీశారు. దాని చివర చిన్న రబ్బరు గిన్నె అమర్చారు. తిత్తి నొక్కి వదిలితే గాజు కన్ను గిన్నెకు అతుక్కుంటుంది, మళ్ళీ నొక్కితే ఊడుతుంది. కానీ పైరెప్ప ఎత్తడానికి రెండో చెయ్యి కావాలి. దానికోసం పక్కనే వంపు తిరిగిన ఇత్తడి నాలుక ఒకటి పెట్టారు. కన్ను లోపలికి వెళ్తూ ఉండగానే ఆ నాలుక రెప్పను పైకెత్తుతుంది. అంతా ఒక్క చేత్తోనే. ఆ ఇత్తడి నా కుంకుమభరిణె మూత. నన్ను అడగలేదు.

జోగమ్మ తన కన్ను తాను పెట్టుకుని, మా అద్దం ముందు నుంచి ఎంతకీ కదల్లేదు. ఆ సంబరం చూశాక మూత సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

తెలిసిన ప్లీడరు చెబితే పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. కొన్నాళ్ళకు కలకత్తా నుంచి జవాబు వచ్చింది: రబ్బరు గిన్నెతో కన్ను పెట్టే సాధనం విదేశాల్లో ముందే ఉంది, మీరు చెప్పుకునేది ఏమైనా ఉంటే వచ్చి చెప్పుకోండి అని. జోగమ్మను వెంటబెట్టుకుని బయల్దేరారు. కాళీఘాట్ చూడొచ్చని నేనూ ఎక్కాను. రైల్లో జోగమ్మ కన్ను తీసి చెంబులో కడగగానే ఎదురు బల్ల మీదివాళ్ళు లేచి వేరే పెట్టెలోకి పోయారు. ముగ్గురం హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాం.

ఆఫీసులో పరీక్షించే అధికారి పెద్దాయన, బెంగాలీ. ఆయనకు తెలుగు రాదు, నాకూ జోగమ్మకూ ఇంగ్లీషు రాదు. అటుదిటూ ఇటుదటూ చెప్పేది మా ఆయనే. జోగమ్మ చెంగు సర్దుకుని, ఒక్క చేత్తో కన్ను తీసి, ఒక్క చేత్తో పెట్టేసుకుంది. అధికారి కుర్చీ ముందుకు లాక్కుని ఇంకోసారి చెయ్యమన్నాడు. ఇత్తడి నాలుకను వేలితో తాకి చూశాడు. ఇది విదేశాల దాంట్లో లేదు, కొత్తదే అన్నాడట. మా ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పుడు ఆ పెద్దాయన జోగమ్మను మామూలుగానే ఒక ప్రశ్న అడిగాడు. దీన్ని మొట్టమొదట ఎప్పుడు వాడావు అని.

జోగమ్మ గర్వంగా చెప్పింది: "ముందుగా నాకు కాదు బాబూ. కొత్త వొస్తువు కదా, అమ్మోరికి ఎట్టకుండా నానెలా వాడతాను? జాతర్లో అమ్మోరికి ఎండి కళ్ళు దీంతోనే ఎట్టినాం. ఊరోళ్ళందరూ సూసినారు. ఈ బాబు ఆ నాలిక తిప్పి తిప్పి అందరికీ సూపించినాడు."

నిజమే. కళ్ళ జబ్బు వస్తే అమ్మవారికి వెండి కళ్ళు మొక్కుకోవడం మా వైపు ఆచారం. దరఖాస్తు పెట్టక ముందు జరిగిన జాతర అది. ఈయన అక్కడ పాఠం చెప్పినట్టు విప్పి చెప్పారు. ప్లీడరు ఒకటే హెచ్చరించాడు, దరఖాస్తుకు ముందు నలుగురికీ తెలిసిపోయిందంటే హక్కు ఉండదని. ఆ మాట అన్నది జాతర అయ్యాకే! అమ్మవారి మొక్కు కూడా ఆ లెక్కలోకి వస్తుందని మాకు తట్టనేలేదు.

మా ఆయన నోరు తెరిచి ఆగిపోయారు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది ఆయనొక్కరికే. జోగమ్మ మాట మింగేసి, మొన్ననే వాడిందని చెబితే అడిగేవాడు లేడు. బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కాను.

ఆయన మొత్తం చెప్పేశారు. జాతరా, వెండి కళ్ళూ, తిప్పి తిప్పి చూపించడం కూడా.

అధికారి అంతా విని రాసుకున్నాడు. తరువాత ఫైలు మూసి నెమ్మదిగా చెప్పాడు. పేటెంటు రాదు. ఇంతదూరం రైల్లో వచ్చింది దీనికా అనిపించింది. జోగమ్మ బిక్కమొహం వేసి, "నానేటి తప్పు సెప్పీసినాను బాబూ?" అంది.

"నువ్వు నిజం చెప్పావు జోగమ్మా. తప్పేముంది?" అన్నారు ఈయన.

పెద్దాయన మళ్ళీ ఏదో అడిగాడు. ఇక దీన్ని ఎవరైనా చేసుకోవచ్చు కనక, బొమ్మ గీసి తనకు తెలిసిన కళ్ళ డాక్టరుకు పంపుతాడట. ఈ సాధనానికి దరఖాస్తులో పెట్టినంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు, మీ ఊళ్ళో దీన్నేమంటారు అని అడిగాడట.

"పేరేమీ లేదని చెబుతాను," అన్నారు మా ఆయన నాతో, తలవంచుకుని. "ఎవరో కంపౌండరు చేశాడంటే చాలదూ?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరో కంపౌండరా! నా భరిణె మూత పోయింది, నా నిద్ర పోయింది, ఇప్పుడు ఈ మనిషి పేరు కూడా పోవాలా? లేచి నిలబడి, ఆ అధికారి మొహంలోకి చూసి గట్టిగా అన్నాను: "పట్టాభిరామయ్య!"

"ఓలమ్మ! మొగుడి పేరు సెప్పీసినారు!" అని జోగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన ఫైలు మీద పేరు చూశాడు, నన్ను చూశాడు, నవ్వాడు. బొమ్మ కింద ఆ పేరే రాసుకున్నాడు. మా ఆయన అది చూడనేలేదు. నా వంకే చూస్తూ ఉండిపోయారు, కళ్ళనిండా నీళ్ళతో.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆయుష్షేమీ తగ్గలేదు, నిన్ననే మళ్ళీ పక్కింటి పులుసుకు వంక పెట్టి వచ్చారు.