తవిటయ్య వయసు కోసం టెక్కలి దాకా

మొన్న సోమవారం సాయంత్రం పలాసలో మా ఇంటికి గవరమ్మ నడిచి వచ్చింది. సంతబొమ్మాళి అవతల సముద్రపు ఒడ్డున నేను ఎనిమిదేళ్లు బడి నడిపిన ఊరి మనిషి. ఆమె కొడుకు తవిటయ్య నా దగ్గరే ఐదో తరగతి దాకా చదివాడు. తోటలో రాలిన జీడిపిక్కలు ఏరాడని వాణ్ణి పట్టుకుని, పదకొండు రోజులుగా పెద్దవాళ్లతో కలిపి పోలీసు కొట్లో పెట్టారట. మర్నాడు టెక్కలి కోర్టులో విచారణ. పదహారేళ్లలోపు వాడని తేలితే తల్లికి అప్పగిస్తారు, లేకపోతే ముదురు దొంగలతో కలిసి జైలుకు పోతాడు. వాడికి పద్నాలుగేళ్లే. బడి రిజిస్టరులో మాత్రం పదహారు దాటింది. ఆ తేదీ వేసింది నేనే.

పల్లె బడుల్లో మా పద్ధతి ఇది. పిల్లవాడి చెయ్యి నెత్తి మీదుగా అవతలి చెవికి అందితే ఆరేళ్లు నిండినట్టే. పుట్టిన తేదీ అందరికీ జూలై ఒకటి. తవిటయ్యవి పొడుగు చేతులు. నాలుగేళ్లకే అందింది. తల్లిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు నేను.

పలాస పక్కనే కాశీబుగ్గలో మొదటి బస్సు ఐదున్నరకు బయలుదేరుతుంది. టిక్కెట్టు పన్నెండణాలు. నందిగాం దగ్గర గంపలు ఎక్కించడానికి పావుగంట ఆగినా ఏడు గంటలకల్లా టెక్కలిలో దిగాం. హోటల్లో ఇడ్లీలు వేడిగా ఉన్నాయి. గవరమ్మ ముట్టలేదు. "ఆడు తిన్నాడో నేదో బాబూ" అంది. కోర్టు పదకొండుకు మొదలైనా మన కేసు మధ్యాహ్నానికి గానీ రాదని గుమస్తా ఒకడు చెప్పాడు. ఈలోగా గవరమ్మ ఊరి మునసబు దగ్గరున్న పుట్టుకల పుస్తకం నుంచి నకలు తెచ్చుకుందామని జట్కా మాట్లాడాను. రానూ పోనూ ఐదు రూపాయలు. "ఇసకలోకి గుర్రం రాదు బాబూ, కాలవ కాడ దింపీత్తాను" అన్నాడు జట్కావాడు.

దారిలో గవరమ్మ అసలు సంగతి చెప్పింది. "ముగ్గురూ ఏరినారు బాబూ. మునసబు గారబ్బాయి, కొట్టు సావుకారబ్బాయి, మావోడు. ఆలిద్దర్నీ సిన్నపిల్లలనీసి ఇంటికంపీసినారు."

"దిక్కు నేనోడే దొంగ కదేటి" అన్నాడు జట్కావాడు, వెనక్కి తిరక్కుండానే.

"ఆ మునసబు గారబ్బాయికి ఎంత వయసు రాసినారు బాబూ?" అని గవరమ్మ నన్నడిగింది.

రిజిస్టరు ప్రకారం పదిహేను. అసలు ఆ కుర్రాడికి పదిహేడేళ్లు. బడిలో వేసేటప్పుడు మునసబు నన్ను పక్కకు పిలిచి, "రెండేళ్లు తగ్గించండి పంతులు గారూ, రేపు సర్కారు కొలువులో రెండేళ్లు ఎక్కువ చేస్తాడు" అన్నాడు. నవ్వుతూ తగ్గించాను. పెద్దవాణ్ణి పిల్లవాణ్ణి చేసిందీ, పిల్లవాణ్ణి పెద్దవాణ్ణి చేసిందీ ఒకే కలం. నా మీద నాకే అసహ్యం వేసింది.

కాలవ దగ్గర దిగి, ఇసకలో అరగంట నడిచాం. మునసబు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. పుస్తకం తీసి రెండు పేజీలు తిరగేసి మూసేశాడు. "వీళ్ల పేటలో పుట్టినా పోయినా ఎవరు చెప్పారు గనక? చెప్పకపోతే నేనేటి రాసేది?"

గవరమ్మ ఎండలోనే నిలబడి ఉంది. "సెప్పినాను బాబూ. విశాపట్నం మీద జపానోడు బాంబులేసిన ఏడు. ఈడు సంకలో ఉన్నాడు. ఈ అరుగు కాడే సెప్పినాను. తరవాత రమ్మన్నారు."

అంతలో ఆయన కొడుకే నాకు మంచినీళ్లు తెచ్చాడు. మీసం దువ్వుకున్నాడు. "మావాడు పసివాడు, తెలీక ఎల్లాడు" అన్నాడు తండ్రి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పసివాడి అసలు పుట్టినరోజు ఆ పుస్తకంలోనే, ఆయన చేతిరాతతోనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. నీళ్లు తాగకుండానే లేచాను.

ఒంటి గంటకు తిరిగి టెక్కలి చేరాం. రెండున్నరకు తవిటయ్యను పిలిచారు. గుండు గీశారు. కళ్లు లోతుకు పోయాయి. మేజిస్ట్రేటు గారు నెమ్మదిగానే అడిగారు. "నీ వయసెంత బాబూ?"

తవిటయ్య నా వైపు చూశాడు. "మేష్టారు రాసినంతేనండి."

నేను బోనెక్కాను. "ఈ సంతకం మీదేనా?" అన్నారు ఆయన, బడి రిజిస్టరు చూపిస్తూ.

"నాదేనండి. తేదీ మాత్రం అబద్ధం." చెవి సంగతి, చెయ్యి సంగతి చెప్పాను. కోర్టులో ఎవరో నవ్వారు.

"ఎంతమందికి ఇలా రాశారు?"

"అడిగినవాళ్లకు తగ్గించానండి. అడగనివాళ్లకు తోచింది రాశాను."

ఆయన అది రాసుకున్నారు. తల్లి మాట కూడా విని, వయసు తేల్చే డాక్టరు పరీక్ష అయ్యేదాకా పిల్లవాణ్ణి ఆమెకు అప్పగించమన్నారు. నా సంగతి బడుల ఇన్‌స్పెక్టరుకు రాస్తామన్నారు. రాయాలి కూడా. మెట్ల దగ్గర గవరమ్మ కొడుకు గుండు తడుముతూ కూచుంది.

సాయంత్రం ఆరింటి బస్సులో ఒక్కణ్ణే పలాస వచ్చాను. కోర్టులు ఉన్నవాడికో న్యాయం, లేనివాడికో న్యాయం చేస్తాయని ఇన్నాళ్లూ అరుగుల మీద కూచుని తిట్టినవాణ్ణి నేను. ఆ తేడా కోర్టు గుమ్మం దాకా పోకముందే, బడి తెరిచిన మొదటి రోజునే, నా బల్ల మీద మొదలైంది. ఇంకెంతమంది పిల్లలు నా రాతను మోస్తూ తిరుగుతున్నారో నాకే తెలియదు. ఆ కోపం ఎవరి మీద చూపించను?

ఇదే పని మీద ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. బిడ్డ పుట్టిన వారంలోపే మునసబు చేత రాయించి, నకలు చేతికొచ్చేదాకా అరుగు దగ్గర నుంచి కదలకండి. బడిలో వేసేనాడు రిజిస్టరులో ఏం రాశారో పైకి చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యకండి, ఆ పంతులు నేనైనా సరే.