తప్పు వాయించని సూసర్

లాడాల మేళం అనే మేళం ఈ భూమ్మీద ఎప్పుడూ లేదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు మా లోయలో లేడు, ఎందుకంటే దాన్ని సినిమా బండిలో వేసుకుని ఏళ్ళ తరబడి ఊరూరా తిప్పింది నేనే. అయినా ఇవాళ్టికీ రాజధానిలో ఎవరైనా మీది ఏ ఊరని అడిగి, చెప్పగానే, "ఓ, లాడాల మేళం వాళ్ళ ఊరా!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో నిజంగా పుట్టి, నిజంగా వాయించి, నిజంగా పోయిన మనిషి పేరు వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. లేని మేళం పేరు మాత్రం పసిపిల్లలకి కూడా నోటికొచ్చు.

ఈ మాట నాది కాదు, సూసర్ అక్కది. ఆవిడ పశువుల క్షేత్రంలో గుర్రాల పాలు పితికేది. ఆడగుర్రం పక్కన ఒక మోకాలు నేలకి ఆనించి, మరో మోకాలి మీద బిందె నిలబెట్టుకుని పితికేది. ఎంత పొగరుబోతు గుర్రమైనా ఆవిడ చెయ్యి తగలగానే కాళ్ళాడించడం మానేసేది. మనుషుల మీద మాత్రం ఆ శాంతం ఉండేది కాదు. క్షేత్రం పెద్దని నలుగురిలో పట్టుకుని, "పాలు గుర్రమిస్తుంది, పతకం నువ్వు పెట్టుకుంటావు. గడ్డి కూడా నువ్వే తినరాదూ?" అన్న మనిషి.

పదిహేడేళ్ళకి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మామగారు కుల్మత్ కొముజ్ వాయించేవాడు. మూడు తీగల వాద్యం, ఏప్రికాట్ చెక్కతో ఆయనే చెక్కుకున్నాడు. తన విద్య ఎవరికివ్వాలా అని చూసి చూసి చివరికి కోడలికిచ్చాడు. ఊరు నవ్వింది. "కొడుకుండగా కోడలికేంటి బాబాయ్?" అని అడిగారు. "మా ఒరోజ్‌కి చెవులు టోపీ ఆగడానికే పనికొస్తాయి," అన్నాడాయన. ఒరోజ్ కూడా అవునన్నట్టు తలూపి టోపీ సర్దుకున్నాడు.

ఇక్కడే ఒక చిక్కుంది. మా దగ్గర కోడలు మామగారి పేరు పలకదు. ఆయన ఎదుటా పలకదు, చాటునా పలకదు, ఆయన పోయాక కూడా పలకదు. సూసర్ అక్క ఎవరికీ తల వంచేది కాదు గానీ ఈ ఒక్క కట్టుబాటు దగ్గర వంచేది. పక్కింటివాళ్ళు తమ కొడుక్కి కుల్మత్ అని పేరు పెట్టుకుంటే వాణ్ణి "ఒరేయ్ పొట్టోడా" అనే పిలిచింది. వాడు ఆరడుగులు పెరిగి పెళ్ళి చేసుకున్నా పొట్టోడే. కొముజ్ వాయించేవాళ్ళకేమో ఇంకో కట్టుబాటుంది. బాణీ ఎత్తుకునే ముందు అది ఎవరిదో, ఎవరి దగ్గర నేర్చుకున్నదో పేరు పెట్టి చెప్పాలి. ఆవిడ మధ్యేమార్గంగా, "ఇది మా ఇంటి పెద్దాయన బాణీ," అని మొదలుపెట్టేది. మా ఊళ్ళో అర్థమయ్యేది. కొండ దాటితే ఏ ఇంటి పెద్దాయనో ఎవరికి తెలుస్తుంది?

ఆ బాణీ పేరు 'వెనక్కి చూసిన గుర్రం'. యుద్ధం నడుస్తున్న రోజుల్లో సైన్యం కోసం మా లోయలో గుర్రాల్ని తోలుకుపోయారు. ఆ మందతో పాటే కుల్మత్ పెద్దకొడుకునీ తీసుకుపోయారు. కొండ మలుపులో ఒక ఆడగుర్రం ఆగి వెనక్కి చూసింది. కొడుకు చూడలేదు. పోయేవాడు వెనక్కి చూస్తే తిరిగి రాడంటారు, అందుకని మెడ బిగబట్టుకుని నడిచాడు. అయినా తిరిగి రాలేదు. బాణీ మధ్యలో వాయించేవాళ్ళ కుడిచెయ్యి తీగల మీంచి లేచి, భుజం దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దిగుతుంది. అదే గుర్రం తల తిప్పడం. ఆ చోటికి వచ్చేసరికి మా ఊళ్ళో పొయ్యి మీద కూర మాడుతున్నా ఎవరూ లేచేవారు కాదు.

కుల్మత్ పోయిన రెండేళ్ళకి, అరవై ఎనిమిది వేసవిలో, సినిమావాళ్ళు మా పచ్చికకి వచ్చారు. డైరెక్టరు పేరు మెదెర్. కుర్రవాడే, చురుకైనవాడు, గుర్రమెక్కడం మాత్రం రాదు. లాడాలు కొట్టే కొట్టం దగ్గర పుట్టిన పల్లెటూరి మేళం కథ తెచ్చాడు, సినిమా పేరే 'లాడాల మేళం'. ఐదుగురు వాద్యగాళ్ళు కావాలన్నాడు. అకార్డియన్ కాసిమ్‌ని, ఇంకో ముగ్గుర్ని ఏరుకుని, సూసర్ అక్క వాయించడం విని నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఆ బాణీ దేశమంతా వినాలక్కా," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆవిడ ఒప్పుకుంది. మామగారి బాణీ కొండ దాటుతుందని ఆశ.

కథ మొత్తం మూడో రోజు బయటపడింది.

"అక్కా, ఇవాళ మీ మేళం అధ్వానంగా వాయించాలి," అన్నాడు మెదెర్. "ఊరి జనం పడీపడీ నవ్వాలి. తర్వాత పట్నం నుంచి మాస్టారొచ్చి మీకు సంగీతం నేర్పుతాడు. చివర్లో రాజధానిలో గెలుస్తారు."

"అధ్వానంగా ఏది వాయించాలి?"

"అదే, మీ గుర్రం బాణీ."

"మా బాణీ మాకు పట్నం వాడొచ్చి నేర్పుతాడా?"

"సినిమా కదక్కా."

"సినిమా అయితే? మీ అమ్మ ఏడుస్తుంటే సినిమా కోసం నువ్వు నవ్వుతావా?"

మెదెర్ బతిమాలాడు. ఒక్కచోట వేలు జారితే చాలన్నాడు. "నా వేలికి జారడం నేర్పలేదు. నేర్పినాయన పోయాడు, వెళ్ళి ఆయన్నడుగు," అంది. మిగతా నలుగురికీ ఈ బాధ లేదు, వాళ్ళు మామూలుగా వాయించినా మెదెర్‌కి సరిపోయింది.

కెమెరా తిరిగింది. సూసర్ అక్క ఉన్నది ఉన్నట్టు వాయించింది. ఆవిడ అందుకునేసరికి మిగతా నలుగురూ సిగ్గుపడి ఆగిపోయారు. చుట్టూ నవ్వడానికని కూర్చోబెట్టిన మా ఊరివాళ్ళు టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అదే మందతో కొడుకుని పంపిన ముసలామె బూబూసారా కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వండి!" అని అరిచాడు మెదెర్.

ఎవరూ నవ్వలేదు. ఏడుసార్లు తీశారు, ఏడుసార్లూ అంతే.

"పోనీ, గొర్రె జారి పడిందనుకుని నవ్వండయ్యా!"

"గొర్రె పడితే నవ్వుతామేంటి నాయనా, లేపుతాం గానీ," అంది బూబూసారా.

మెదెర్ విసిగిపోయి, అవతలి గట్టు మీంచి చూద్దామని గుర్రమెక్కాడు. అది రెండడుగులు వేసి ఆయన్ని వాగులో దించింది. అప్పుడు నవ్వారు మా వాళ్ళు! పొట్టలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కెమెరామన్ తెలివైనవాడు, యంత్రం ఆపలేదు. మెదెర్ తడి బట్టలతో పైకొచ్చి, సూసర్ అక్కని చూసి చిరునవ్వు నవ్వాడు. "సరే అక్కా, మీకు నచ్చినట్టే వాయించారు. బాగుంది," అన్నాడు. గెలిచామనుకున్నాం.

ఏడాదిన్నరకి రీళ్ళ పెట్టె నా బండికొచ్చింది. క్లబ్బు కిటికీలకి దుప్పట్లు కట్టి పట్టపగలే ఆట వేశాను. తెర మీద సూసర్ అక్క చేతులు కనిపించాయి, ఎక్కడా తొణకని చేతులు. వినిపించింది మాత్రం వేరు. స్టూడియోలో ఎవరిచేతో ఆ బాణీని కుంటించి, గీరించి, ఆవిడ చేతుల కింద అతికించారు. వెంటనే మా ఊరి జనం పొట్టలు పట్టుకుని నవ్వుతూ కనిపించారు, మెదెర్ వాగులో పడ్డ నాటి నవ్వు. హాల్లో పెద్దవాళ్ళు గడ్డకట్టిపోయారు. పిల్లలకేం తెలుసు, నవ్వారు. పేర్లు పడేటప్పుడు ఆ బాణీ పక్కన 'జానపదం' అని పడింది.

సూసర్ అక్క మూడో వరసలోంచి లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే నా బండి దగ్గర గుర్రం దిగింది, వీపున కొముజ్.

"సాదిర్, ఇవాళ ఏ ఊరు?"

"పై ఊరు అక్కా."

"ఆ చోటు వచ్చేసరికి సౌండు తీసెయ్యి. నేను తెర పక్కన కూర్చుని వాయిస్తా."

"నా ఉద్యోగం పోతుందక్కా!"

"పోతే గొర్రెలు కాస్తావు. గొర్రెలు నీకంటే ధైర్యం తక్కువవి, నీకు బాగా కుదురుతుంది."

అలా మొదలైంది. ఆ సినిమా అంటే మా జనానికి పిచ్చి, ప్రతి ఏడాదీ ఎక్కడో అక్కడ అడిగేవారు. ఎక్కడ ఆడినా ఆవిడ వచ్చేది. మంచులో వచ్చింది, నిండు చూలాలిగా వచ్చింది, ఒరోజ్ కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు అతనికి అన్నం పెట్టి వచ్చింది. నేను సౌండు తీసేసేవాణ్ణి. "ఇది మా ఇంటి పెద్దాయన బాణీ," అనేది. తెర మీద చెయ్యి లేచినప్పుడే కింద చెయ్యి లేచేది. అయిపోగానే కుమిస్, అంటే పులిసిన గుర్రం పాలు, గిన్నెడు తాగి ఇంటికి బయల్దేరేది.

ఒక్కసారి నేను ద్రోహం చేశాను. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులు. ఆ కొట్టంలోనే ఆట. జిల్లా సంస్కృతి శాఖ అధికారి ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ చోటు వచ్చింది. నా చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. పిరికితనం, ఇంకో పేరు లేదు దానికి. లౌడుస్పీకరు గీరుతూనే ఉంది. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, వాయించడం మొదలుపెట్టింది. ఆ హోరులో ఒక్క తీగ కూడా వినిపించలేదు. అయినా వాయించింది. అప్పుడు బూబూసారా లేచి, బొచ్చు మూటల మీంచి దాటుకుంటూ వెళ్ళి, ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుని చెవి దగ్గరపెట్టింది. వెనకే ఇద్దరు, వెనకే పదిమంది. కాసేపట్లో కొట్టమంతా తెరకి వీపు పెట్టి ఆవిడ చుట్టూ మూగింది. అధికారి ఒక్కడే సినిమా చూస్తూ మిగిలాడు.

ఆట అయ్యాక అధికారి ఆవిణ్ణి పిలిచాడు. "ప్రభుత్వ సినిమాకి అడ్డం పడటం నేరం, తెలుసా?"

"ఏ చట్టంలో ఉంది? చూపించు, చదువుకుంటా."

"నువ్వు సినిమా తప్పంటున్నావా?"

"సినిమాలో చేతులు నావి. నా చేతులు అబద్ధం చెబుతున్నాయి. నీ చేతులు అలా చెబితే నువ్వు ఊరుకుంటావేమో, నేను ఊరుకోను."

ఆయన కాగితం రాస్తానన్నాడు. రాసినా ఏమీ కాలేదు, గుర్రాల పాలు పితకడానికి ఆయన రాలేడు కదా. నేను వారం రోజులు ఆవిడకి మొహం చూపించలేకపోయాను. ఎనిమిదో రోజు తనే వచ్చి, "ఇవాళ ఏ ఊరు?" అంది. అంతే. ఆ తర్వాత ఎవడు కుర్చీలో ఉన్నా నా చెయ్యి ఆగలేదు.

దేశం పేరు మారింది, డబ్బు మారింది, క్లబ్బు పైకప్పు కూలింది, నా బండి తుప్పు పట్టింది. సినిమా మాత్రం టీవీలో పడింది. టీవీకి ఊరూరా వెళ్ళి అడ్డం కూర్చోలేం. ఆవిడ దిగులుపడటం అప్పుడే మొదటిసారి చూశాను. "కొండ దాటిన ప్రతిచోటా ఆయన కుంటుతూనే ఉన్నాడు సాదిర్," అంది.

రెండువేల ఎనిమిదిలో రాజధాని నుంచి పిలుపొచ్చింది. షూటింగు జరిగి నలభై ఏళ్ళయిందని పండగ చేస్తున్నారట. మేళంలో మిగిలింది ఆవిడా, అకార్డియన్ కాసిమూ. చిన్న వ్యానులో పదిమందిమి వెళ్ళాం, ఆవిడ దగ్గర కొముజ్ నేర్చుకుంటున్న కోడలు గుల్‌నార్ కూడా. పెద్ద హాలు. ముందు వరసలో మెదెర్ ఉన్నాడు, ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర. వ్యాఖ్యాత ఉత్సాహంగా, "మన లాడాల మేళం! ఆ నవ్వుల సీను మరోసారి!" అన్నాడు. వేదిక మీద నిలబడ్డ సూసర్ అక్క వెనక తెర మీద ఆ సీను మొదలైంది, అదే గీరుడుతో. హాలు నవ్వడానికి సిద్ధంగా ఉంది.

ఆవిడ కదలలేదు. "ఆ సౌండు ఆపించు," అంది మైకులో.

"అమ్మా, సరదాకి..."

"నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఎంతసేపైనా నిలబడగలను."

నేను లేచి, సినిమా వేసే పై గది వైపు చెయ్యెత్తి, నా జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. "తీసెయ్యవయ్యా సౌండు!" నా వెనక మా వ్యాను మొత్తం అరిచింది. మెదెర్ వెనక్కి తిరిగి చూశాడు. కర్ర ఎత్తి, పై గదికి తనే సైగ చేశాడు. సౌండు ఆగింది.

ఆవిడ కూర్చుంది. కొముజ్ ఒళ్ళోకి తీసుకుంది. ఇప్పుడు 'మా ఇంటి పెద్దాయన' అంటుందనుకున్నాం.

"ఇది కుల్మత్ బాణీ," అంది. "నా మామగారు కుల్మత్. యుద్ధానికి పోయిన కొడుకు కోసం కట్టాడు. కుల్మత్."

మా వరసలో ముసలమ్మలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. యాభై ఏడేళ్ళ కోడలరికంలో ఆ పేరు ఆవిడ నోట అదే మొదటిసారి. తర్వాత వాయించింది. తెర మీద నల్లటి జుట్టు సూసర్ చెయ్యి లేచింది, కింద తెల్లజుట్టు సూసర్ చెయ్యి లేచింది, రెండూ భుజం దాకా వెళ్ళి ఒక్కసారే ఆగాయి. తెర మీద జనం నవ్వుతున్నారు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో ముసలమ్మలు సణిగారు. "ఎంత కోపమొస్తే మాత్రం, మామగారి పేరా సూసర్?"

"లేని మేళానికి పేరు పెట్టి దేశమంతా పిలుస్తుంటే, ఉన్న మనిషిని నేనే పేరు లేకుండా చేశాను. జానపదం అని వాళ్ళు రాశారని తిట్టుకున్నా గానీ, వాళ్ళకి పేరు చెప్పిందెవరు? గౌరవం అనుకుని మింగేశా." గుల్‌నార్ వైపు తిరిగింది. "నువ్వు వాయించేటప్పుడు నా పేరు మింగావో, గోరీలోంచి లేచొచ్చి జుట్టు పట్టుకుంటా."

పోయిన శీతాకాలం ఆవిడ వెళ్ళిపోయింది. నలభయ్యో రోజు భోజనాలయ్యాక గుల్‌నార్ కొముజ్ తీసుకుని మధ్యలో కూర్చుంది. తీగలు సరిచూసుకుంది.

"ఇది కుల్మత్ బాణీ. నాకు నేర్పింది మా అత్తగారు, సూసర్."

ముసలమ్మల్లో ఒక్కరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.