జమ్మి పెట్టని శంకరవ్వ

శంకరవ్వ నాకు చుట్టం కాదు, స్నేహితురాలు అంతకన్నా కాదు. మా ఇద్దరి ఇళ్లకూ ఒకటే చేదబావి కనుక తిట్టుకోవడానికి రోజూ సందు దొరికేది. నేను ముందుగా బొక్కెన దించితే, "మీ ఇంట్ల ఏమన్న పెండ్లి ఉన్నదా?" అని అడిగే మనిషి. అయినా ఆమె గురించి రాయాల్సి వస్తే అబద్ధం మాత్రం రాయను. భైంసాలో మా జిన్నింగు మిల్లు ఆడవాళ్లకు బోనస్ పట్టపగలు, మిల్లులోనే, కూలి ఇచ్చే బల్ల మీద ఇవ్వడం మొదలైంది ఆమె వల్లే. ఆ తర్వాత యూనియన్ జెండాలు పట్టుకుని వచ్చినవాళ్లు అదంతా తమ గొప్పే అని చెప్పుకున్నారు. వాళ్లెవరూ అప్పుడు అక్కడ లేరు. నేను ఉన్నాను.

ఆమె పుట్టింది ఇచ్చోడ అవతల ఒక పల్లెలో. భైంసాకు కోడలుగా వచ్చింది. భర్త పత్తి బండి తోలేవాడు. పోలీసు చర్య జరిగిన ఏడు బండి బోల్తా పడి నడుము విరిగింది. కొన్నాళ్లు మంచంలో ఉండి కన్నుమూశాడు. మరుదులు ఎద్దులను అమ్మిపెడతామని తోలుకుపోయారు. ఎద్దులూ రాలేదు, పైసలూ రాలేదు. శంకరవ్వ వాళ్ల గుమ్మం ముందు నిలబడి తిట్టాల్సినవన్నీ తిట్టి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. పాలు మరవని ఆడపిల్లను చంకనేసుకుని మిల్లుకు వచ్చి పనిలో కుదిరింది.

మిల్లు అంటే పెద్ద రేకుల షెడ్డు. వరుసగా జిన్ను మిషన్లు, ఒక్కో మిషను ముందు ఒక ఆడమనిషి. చేతులతో పత్తి అందిస్తుంటే దూది ఇటు వస్తుంది, గింజ కింద పడుతుంది. ముక్కుకు కొంగు కట్టుకున్నా సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. దసరా పోయాక మొదలై ఎండలు ముదిరేదాకా ఆ పని ఉండేది. మిగతా నెలల్లో ఎవరి తిప్పలు వారివి. మా ఆయన బుచ్చిరాములు అదే మిల్లులో ఫిట్టరు. ఆయనది నెల జీతం, ఆఫీసులో సంతకం. అందుకే నేను ఎవరికీ తల వంచాల్సిన అవసరం పడలేదు. ఆ సంగతి నేను చెప్పకపోయినా ఊరంతటికీ తెలుసు.

ఆడవాళ్లను పనిలోకి తీసుకునేవాడూ, తీసేసేవాడూ ముకద్దం. మొదట్లో ముకద్దం సిద్దిరాములు. ముసలివాడు. వారం కూలిని లెక్కలు రాసే మునీము, ఊళ్లో సంత జరిగే అంగడి రోజున బల్ల మీద పెట్టి ఇచ్చేవాడు. అది కాక మరో పైకం ఉండేది. పత్తి బాగా వచ్చిన రోజుల్లో పొద్దుగూకాక కూడా మిషన్లు నడిపేవారు కదా, ఆ ఎక్కువ పని కూలి. దాంతోపాటు ఏడాదికి ఒకసారి మిల్లు యజమాని సేటు ఇచ్చే బోనస్. ఈ రెండూ బల్ల మీదికి ఎన్నడూ రాలేదు. దసరానాడు సిద్దిరాములు ఇంటి అరుగు మీదికి వచ్చేవి. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కితే, ఆయన దీవించి చేతిలో పైకం పెట్టేవాడు. పండుగనాడు చిన్నవాళ్లు పెద్దవాళ్లకు జమ్మి పెట్టడం, పెద్దవాళ్లు నాలుగు పైసలు ఇవ్వడం మన దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆయన అందరికీ తండ్రి వయసువాడు. మొక్కితే తప్పేముందని ఎవరికీ తోచలేదు.

సేటుకు కూడా ఇదే బాగుండేది. మిల్లులో ఇస్తే ఇంతేనా అని అడుగుతారు. పండుగనాడు పెద్దమనిషి చేతి మీదుగా ఇస్తే అడగరు. ఇచ్చింది తీసుకుని కాళ్లు మొక్కి పోతారు. చెమటోడ్చి సంపాదించుకున్న పైకం అరుగు మీదికి రాగానే ఇనాం అయిపోయేది.

సిద్దిరాములు చనిపోయాడు. ఆయన మేనల్లుడు హనుమండ్లు ముకద్దం అయ్యాడు. శంకరవ్వ పుట్టిన పల్లెవాడే, ఆమె కంటే పదేళ్లు చిన్న. మనిషి బక్కపలచన, మాట మాత్రం లావు. మేనమామ చేతికర్ర తీసుకున్నాడు, తలపాగా తీసుకున్నాడు. దసరా రాగానే మేనమామ కూర్చునే పీట కూడా అరుగు మీద వేయించాడు. కర్ర, తలపాగా వచ్చినట్టే వయసు కూడా వారసత్వంగా వస్తుందనుకున్నాడు కాబోలు. వాళ్ల ఇల్లు మా గోడకు గోడ. ఆ రోజు జరిగింది మొదటినుంచి చివరిదాకా నా కళ్లతో చూశాను.

బోనస్ చట్టం వచ్చిన మరుసటి ఏడు అది. మునీము హనుమండ్లుకు ఒక కాగితం, సిరా డబ్బా ఇచ్చి పంపాడు. పైకం ముట్టిన ప్రతి మనిషి వేలిముద్ర దాని మీద పడాలన్నాడు. ఆదిలాబాదు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడట. హనుమండ్లు కాగితాన్ని ఒక పక్కన పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు జమ్మి ఆకులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు.

శంకరవ్వకు ఆ పైకంతో పెద్ద అవసరం ఉంది. చంకనేసుకుని వచ్చిన పిల్లే ఇప్పుడు నిండుచూలాలై పురిటికి తల్లి ఇంటికి వచ్చింది. మంత్రసానికి, బాలింత తిండికి, చంటిబిడ్డ బట్టలకు అన్నిటికీ ఆమె నమ్ముకున్నది ఆ పైకాన్నే. బావి దగ్గర నాతో కూడా అన్నది. నాతో అన్నదంటే ఎంత అవసరమో చూడండి.

ముందు గంగుబాయి వెళ్లింది. మరాఠీ మనిషి, చిన్నది, పోయిన సీజనులోనే పనిలో చేరింది. తెలుగు రాక అందరి ముఖాలూ చూస్తూ ఉండేది. జమ్మి పెట్టింది, మొక్కింది, పైకం తీసుకుని వేలిముద్ర వేసింది. ఆమె వెనక శంకరవ్వ వచ్చి, ఖాళీ చేయి చాచి నిలబడింది.

"జమ్మి ఏది?" అన్నాడు హనుమండ్లు.

"నీ తాన లేదా?" అంది శంకరవ్వ.

పరాచికమనుకుని నవ్వాడు. "నా తాన ఎందుకుంటది? పెట్టేటోళ్లు మీరు."

"చిన్నోళ్లు పెద్దోళ్లకు పెడ్తరు. నిన్ను తొట్టెల్ల ఏసిన్నాడు మీ అవ్వ నా ఒళ్లె శనగ గుడాలు పోసింది. ఇయ్యాల నేను నీ కాళ్లు మొక్కితే నీకే ఆయుష్షు తక్కువైతది. జమ్మి నువ్వే పెట్టు. మొక్కు. నేను దీవిస్త."

వరుసలో ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హనుమండ్లు చెవులు ఎర్రబడ్డాయి.

"నాకెవరు మొక్కుతున్నరు? ముకద్దం పనికి మొక్కుతున్నరు," అన్నాడు.

"పని మిల్లుల గదా ఉన్నది. ఆ పైకం గూడ ఆడనే ఇయ్యి. గీడ పీటెందుకేసినవ్?"

మాటలో ఓడిన మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు, గొంతు పెంచాడు. మొక్కనివాళ్లకు పైకం లేదన్నాడు. సీజను మొదలైన రోజు మిల్లు గేటు దగ్గర కనపడవద్దన్నాడు. ఆమె బతుకంతా ఆ రెండు మాటల్లో ఉంది. శంకరవ్వ చాచిన చేయి వెనక్కి తీసుకుని ఇంటికి నడిచింది.

ఆమె వెనక అందరూ కదిలి వచ్చారనుకుంటున్నారేమో. ఎవరూ రాలేదు. కమలవ్వ హనుమండ్లు తల్లి ఈడుది, నడుము నొప్పి మనిషి. వంగి మొక్కింది. లేస్తూ లేస్తూ తిట్టింది శంకరవ్వనే. పండుగపూట అందరినీ ఎండలో నిలబెట్టిందని.

మర్నాడు బావి దగ్గర అడిగాను. "నీ బిడ్డ పురుడు ఎట్ల ఎల్లదీస్తవే?" అని.

"నీ ఇంటికైతే రాను. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది. అలాంటిదానికి మంచి చెప్పబోవడం నాదే తప్పు.

నాలుగు రోజులకు హనుమండ్లుకు పరేషాన్ మొదలైంది. కాగితం మీద అందరి వేళ్లూ పడ్డాయి, శంకరవ్వ పేరు పక్కన తెల్లగా ఉంది. ఇంకొకరి వేలు వేయించేస్తే పోయేది కదా అంటారు. అతనూ అదే అన్నాడట. కానీ అరుగు ముందు జరిగింది అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. మునీము పిరికివాడు. దొంగ వేలు బయటపడితే ఆఫీసరు ముందు నిలబడాల్సింది తానేనని, నువ్వే వెళ్లి ఆమె వేలు వేయించుకుని రమ్మని తరిమాడు. ఈ మాటలన్నీ మా ఆయన మిల్లు నుంచి మోసుకొచ్చేవాడు. మగవాళ్లు మాటలు మోయరని ఎవరన్నారో గానీ వాళ్లు మా ఆయనను చూడలేదు.

హనుమండ్లు రుమాలులో పైకం మూట కట్టుకుని, కాగితం చంకలో పెట్టుకుని శంకరవ్వ గుమ్మానికి వచ్చాడు.

"అక్కా, గీ పైకం తీస్కో. జర వేలు ఒత్తు," అన్నాడు.

"మొన్న దాంక శంకరవ్వను. ఇయ్యాల అక్కనెట్లయిన?"

"కాళ్లు మొక్కమంటలేను గదా. తీస్కో."

లోపల కూతురు నొప్పులు పడుతోంది. మంత్రసాని అప్పటికే వచ్చి కూర్చుంది. శంకరవ్వ ఆ మూట వైపు చూసింది. నేను బావి గట్టు దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాను. తీసుకుంటుందనే అనుకున్నాను. నేనైతే తీసుకునేదాన్ని, ఇందులో దాచేదేముంది.

"గుమ్మం కాడ ఇస్తే నువ్విచ్చినట్టయితది," అంది. "మిల్లుల ఇయ్యి. కూలి బల్ల మీద పెట్టి, మునీమును ఇయ్యమను. ఆడ ఒత్తుత వేలు."

తలుపు వేసేసింది. ఆ సాయంత్రం మంత్రసానికి కాలి కడియాలు తీసి ఇచ్చింది. మనవడు పుట్టాడు.

అంగడి రోజున మునీము బల్ల వేశాడు. సీజను ఇంకా మొదలవలేదు, ఇవ్వాల్సిన కూలి ఎవరికీ లేదు. ఒక్క మనిషి కోసం బల్ల వేశారు. శంకరవ్వ వచ్చి పైకం తీసుకుని, అక్కడే నిలబడి లెక్కపెట్టుకుని, ఎక్కువ పని కూలి ఎంత, బోనస్ ఎంత అని అడిగి వేరువేరుగా చెప్పించుకుంది. అప్పుడు గానీ వేలు ఒత్తలేదు. ఆ రెండూ వేరువేరుగా ఎంతెంతో మిల్లులో ఏ ఆడమనిషికీ అంతవరకు తెలియదు.

మిగిలిన ఆడవాళ్లు సంతోషించారా? మండిపడ్డారు. మొక్కకుండా కూడా వచ్చే పైకానికి ఊరికే వంగామని తేలింది కదా. ఆ కోపం హనుమండ్లు మీద చూపిస్తే పని పోతుంది. అందుకని శంకరవ్వ మీద చూపించారు. కమలవ్వ ఆమెతో మాట మానేసింది.

సీజను మొదలైన రోజు హనుమండ్లు వద్దన్నా శంకరవ్వ వెళ్లింది. తలుపు దగ్గరున్న తన మిషను ముందు అప్పటికే గంగుబాయి ఉంది. శంకరవ్వ భుజం తడితే ఆ పిల్ల భయపడి లేచింది. శంకరవ్వ కూర్చుంది. హనుమండ్లు లేవమన్నాడు. లేవలేదు. ఆడమనిషి ఒంటి మీద చేయి వేసే ధైర్యం లేక, ఆ ఒక్క మిషను పట్టా తీసేయమని మా ఆయనకు చెప్పాడు. ఇంజను నుంచి వచ్చే ఆ పట్టా తీస్తే మిషను తిరగదు. మా ఆయన సేటు చెప్తే తీస్తానన్నాడు. శంకరవ్వ మీద జాలితో కాదు. ఫిట్టరుకు ముకద్దం హుకుం చేయడమేమిటని.

సేటు రానే వచ్చాడు. బయట పత్తి బండ్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి.

"గీ లఫ్డా నక్కో, గీ లొల్లి నాకొద్దు," అన్నాడు సేటు విసుగ్గా. "పత్తి ఆగింది. కూసోనియ్యి దాన్ని."

సేటుకు ధర్మం గుర్తొచ్చి అన్న మాట కాదది. బండ్లు గుర్తొచ్చి అన్నది. అయినా మాట మాటే. మిషను తిరిగింది.

హనుమండ్లు ఊరుకోలేదు. వారం తిరగకముందే ఆమెను గాలి తగలని మూల మిషనుకు మార్చాడు. దుమ్మంతా అక్కడికే చేరేది. ఆ దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు. ఎక్కువ పొద్దు పనికి అందరినీ పిలిచినా ఆమెను పిలిచేవాడు కాడు. ఆమె కూడా అడగలేదు.

కానీ మరుసటి దసరాకు హనుమండ్లు పీట వేస్తే అతని చుట్టాలు తప్ప ఎవరూ రాలేదు. మిల్లు ఆడవాళ్లు అంగడి రోజున బల్ల దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. మునీము గొణుక్కుంటూ అందరికీ అక్కడే ఇచ్చాడు. కమలవ్వ అందరికంటే ముందు నిలబడింది. తన లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. శంకరవ్వ వైపు మాత్రం తిరిగి చూడలేదు.

శంకరవ్వ, హనుమండ్లు ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ ఒకే షెడ్డులో పని, ఏదో ఒకటి చెప్పక తప్పదు. శంకరవ్వ పక్క మిషను గంగుబాయిది, ఇద్దరి మాటలూ ఆమె మీదుగానే. మిషను ఆపమని ఆమెకు చెప్పు అని అతను, పత్తి ఇంకా ఉన్నదని ఆయనకు చెప్పు అని ఈమె. తిట్లు కూడా అలాగే అటు ఇటు నడిచేవి. గంగుబాయి ఒక్క మాట పోనివ్వకుండా ఇద్దరికీ అందించేది. రెండు సీజన్లు తిరిగేసరికి ఆ పిల్ల నాకంటే శుభ్రంగా తెలుగు తిట్టడం నేర్చింది.