జహనుమా బస్సులో మందుల సంచి

డెబ్బైలలో ఒక ఉదయం అఫ్జల్‌గంజ్‌లో జహనుమా వెళ్లే బస్సు ఎక్కాను. నా పక్కన ఒకాయన ఖాకీ సంచితో కూర్చున్నాడు. సంచి మీద ‘క్షయ నివారణ’ అని తెల్లని అక్షరాలున్నాయి; రోగుల ఇళ్లకు మందులు తీసుకెళ్లే సర్కారు ఉద్యోగి అని తెలిసింది.

"మీకు జీపు ఇయ్యలేదా అన్నా?" అని అడిగాను.

"జీపున్నది. పెట్రోలుకు సర్కారు పైసలు రాలే. గోలీలైతే వచ్చినయి, అవి ఆగుతయా? గందుకే బస్సుల పోతున్న," అని నవ్వాడు.

ఆయన వెళ్తున్నది గాజులు చేసే ఒకామె ఇంటికి; దగ్గు తగ్గగానే ఆమె మందులు మానేసిందట. మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుందనీ, అప్పుడు ఈ మందులకు లొంగదనీ చెప్పాడు.

దిగే ముందు అక్షరాలున్న వైపు ఒంటికి ఆనించి సంచిని చంకలో పెట్టుకున్నాడు.

"ఆమెకు ఈ రోగమున్నదని ఇంటి ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయమంటడు భాయ్. గల్లీల ఎవరన్న అడిగితే ఆమె మేనమామనని చెప్త."

"అబద్ధం కదన్నా?"

"దేవునికి నేను జవాబు చెప్పుకుంట తియ్. ముందుగాల ఆమె బతకాలె."

మా చర్చి సంఘంలో ఆదివారం ప్రార్థనకు రోగుల పేర్లు, వారి జబ్బులతో సహా, బిగ్గరగా చదివేది నేనే. ఆ ఆదివారం పేర్లు మాత్రమే చదివాను. జబ్బేమిటో ప్రభువుకు తెలుసు.