గీత దాకా నీళ్ళు

పోయిన సోమవారం పొద్దున మేస్త్రిగారి నంబరు నుంచి ఫోను వచ్చింది. సోమవారం ఆయన ఫోను చేయడం మామూలే. "నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయాండి, టీచరుగారూ?" అని ఒక్క మాట అడిగి పెట్టేస్తారు. అందుకని పలకరింపు కూడా లేకుండా "ఉన్నాయండి" అన్నాను. అవతల ఉన్నది ఆయన భార్య. మేస్త్రిగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది. "ఈ రోజు మీకు ఫోను చెయ్యాలని రాసుకున్నారండి, అందుకని చేశాను" అంది.

మేస్త్రిగారంటే మా కారు మెకానిక్కు. రావులపాలెంలో అరటిగెలల మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఆయన రేకుల షెడ్డు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నన్ను మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి ఆయన ఒక్కరే. నేనేమీ మంచి విద్యార్థిని కాదు, ఆ సంగతి ఆయనా దాచలేదు.

మావారికి కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడు రోజులు రాజమండ్రిలో డయాలిసిస్. ఆయన స్టీరింగు పట్టుకోలేరు కాబట్టి యాభై ఎనిమిదో ఏట నేను డ్రైవింగు నేర్చుకున్నాను. అంతకుముందు ఒకసారి అద్దె కారు రాక ఆయన వంతు తప్పిపోయింది. ఊపిరందక ఆయన పడ్డ అవస్థ చూశాక ఇంకొకరి బండిని నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ తరవాత మా పాత కారు ఆగిపోవడమంటే మావారి ప్రాణం మీదికి రావడమే.

అలాంటి కారు మొరాయించడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున బానెట్టెత్తి, రేడియేటరు పక్కన ఉండే ప్లాస్టిక్ సీసాలో బోరునీళ్ళు పోసేదాన్ని. ఆస్పత్రికి చేరేసరికి కారు కింద తడి. మర్నాటికి సీసాలో నీళ్ళు తగ్గిపోయేవి, మళ్ళీ పోసేదాన్ని. కొన్నాళ్ళకి స్టార్టు చేయగానే డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు. ఒక మధ్యాహ్నం డయాలిసిస్ అయి తిరిగొస్తుంటే, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్ళిపోయింది. బానెట్టులోంచి ఆవిరి. పక్క సీట్లో మావారు నీరసంగా కళ్ళు మూసుకుని ఉన్నారు. కారుని వంతెన పక్కకి తీసి ఆపాను.

బండిని లాగించుకెళ్ళిన వర్క్‌షాపులో, ఇంజను పైభాగం, అదే హెడ్డు, పోయింది, మొత్తం విప్పాలి, పది రోజులు పడుతుంది అన్నారు. పది రోజులంటే మావారికి నాలుగు డయాలిసిస్‌లు. ఎవరో చెబితే మేస్త్రిగారికి ఫోను చేశాను. ఆయన బండి షెడ్డుకి పంపమనలేదు. ఇంటికే లాగించుకొచ్చి, ఇంజను కింద పాత పేపర్లు పరిచి, పొద్దున తను వచ్చేదాకా తాళం తిప్పొద్దన్నారు.

మర్నాడు తెల్లారగానే మోపెడ్ మీద వచ్చారు. ముందు పేపర్లు బయటికి లాగి చూశారు. పొడిగా ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు కారడం లేదన్నమాట అని తనలో తనే అనుకున్నారు. తరవాత నా వైపు తిరిగి, ఆ చప్పుడేదో నోటితో చేసి చూపించమన్నారు. తన దగ్గరికి వచ్చిన ఎవరినైనా ఆయన అలాగే అడిగేవారట. ముప్పై ఏళ్ళు పిల్లల్ని చప్పుడు చేయొద్దని కసిరిన నేను వీధి గుమ్మంలో నిలబడి గుడగుడమన్నాను. కిటికీలోంచి మావారి నవ్వు వినిపించింది. మేస్త్రిగారు మాత్రం నవ్వలేదు. ఇంకోసారి చేయమన్నారు. స్టార్టు చేసినప్పుడా, వేగం పెంచినప్పుడా, ఇంజనులోనా, కాళ్ళ దగ్గరా అని గుచ్చి గుచ్చి అడిగారు.

"అది గాలండి" అన్నారు చివరికి. "నీళ్ళుండాల్సిన చోట గాలి చేరింది. ఎక్కణ్ణించి చేరిందో తేలేదాకా ఇంజనుని ఏమీ అనకండి."

ఇంజను ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశారు. ఆయిల్లో నీళ్ళు కలిస్తే మజ్జిగలా తెల్లబడుతుందట, మాది శుభ్రంగా ఉంది. రేడియేటరు మూత విప్పి లోపలి రబ్బరుని బొటనవేలితో నొక్కారు. అది ఎండిన చింతకాయ తొక్కలా పెళుసుగా విరిగింది. వేడెక్కినప్పుడు రేడియేటరులోంచి సీసాలోకి పోయిన నీళ్ళు చల్లారాక వెనక్కి రావాలి, రబ్బరు పోవడంతో నీళ్ళకు బదులు గాలి లోపలికి వస్తోంది అని నాకు విడమరిచి చెప్పారు. నా బోరు ఉప్పునీళ్ళే ఆ రబ్బరుని తిన్నాయట. కొత్త మూత తెచ్చి, ఉన్న నీళ్ళు తీసేసి, ఇంజనుని చల్లబరిచే గులాబీరంగు కూలెంటు పోశారు. లోపలి గాలి పోవాలంటే కారు ముక్కు ఎత్తులో ఉండాలి. మా వైపు నేలంతా చదును, వాలు కావాలంటే కాలవగట్టే గతి. గట్టెక్కే దారిలో కారు నిలిపి, మూత తీసి ఉంచి ఇంజను నడిపించారు. బుడబుడమని బుడగలొచ్చాయి, కాసేపటికి ఆగాయి. ఆ తరవాత హెడ్డు దగ్గర కూడా ఒకసారి చెవిపెట్టి విని, ఇంజనుకి ఏ రోగమూ లేదని తేల్చేశారు.

ఇంటికొచ్చాక నా అసలు తప్పు బయటపడింది. సీసాలో కూలెంటు సగానికి పైగానే ఉన్నా, నేను చెంబు తెచ్చి మెడదాకా పోయబోయాను. మజ్జిగ గ్లాసైనా మంచినీళ్ళ చెంబైనా అంచుదాకా నింపందే చేతికివ్వకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు. మేస్త్రిగారు నా చెయ్యి ఆపారు. ఆస్పత్రి దగ్గర కారు కింద తడి ఆ నిండు సీసా పొంగి ఒలికినదేనట.

"వెలితి ఉంచాలండి, టీచరుగారూ. వేడెక్కేదానికి కాస్త చోటు కావాలి."

సీసా మీద కంపెనీవాళ్ళు వేసిన గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది. గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా అరుగు మీద ఉంటే, అందులో బొటనవేలు ముంచి సీసా మీద అడ్డంగా ఒక గీత లాగారు. ఆ రోజు భోజనాల దగ్గర మావారికి అలవాటు కొద్దీ ఇంకో గరిటెడు మజ్జిగ పోయబోయి నేనే ఆగిపోయాను. డయాలిసిస్ మనిషికి నీళ్ళు కొలతగానే ఇవ్వాలి. "డాక్టరు ఏడాదిగా చెప్తుంటే చెవికెక్కలేదు, మేస్త్రిగారు చెబితే ఎక్కింది" అన్నారు మావారు. నిజమే, సిగ్గుపడ్డాను.

అప్పటి నుంచి ఆయన దగ్గర పాఠాలు. వేడి మీద మూత తీయొద్దు, చల్లారాక అదే చెబుతుంది అనేవారు. ఆ మాట బండికే చెప్పారు గానీ, ఇంట్లో నా కోపానికి కూడా సరిగ్గా అతికింది. ఏ చప్పుడు గురించి ఫోను చేసినా, ముందు మీకేమనిపిస్తోందో చెప్పండి అనేవారు. తప్పు చెబితే మళ్ళీ వినమనేవారు.

ఆయన పోయిన రోజు కూడా డయాలిసిస్ తప్పదు. తిరిగొస్తూ వాళ్ళింటి ముందు ఆగాం. ఇంజన్ల చప్పుళ్ళన్నీ విన్న మనిషి తన గుండె చప్పుడు వినలేకపోయాడని ఎవరో అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన వినాల్సినవి మావి, శ్రద్ధగా విన్నారు. ఆయన్ని చూసి ఏడ్చాను, ఇంటికొచ్చీ ఏడ్చాను.

బుధవారం బండి తీస్తే మళ్ళీ ఆ గుడగుడ, సన్నగా. సీసాలో కూలెంటు గీతకి కాస్త కిందుగా ఉంది. చెయ్యి ఫోను మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది. కొంచెం పోసి, ముల్లు మీద ఓ కన్నేసి, రాజమండ్రి వెళ్ళొచ్చాం. సాయంత్రం ఇంజను కింద పేపర్లు పరిచాను. గురువారం పొద్దున వాటి మీద రూపాయి బిళ్ళంత గులాబీ మరక. దానికి సరిగ్గా పైన, రేడియేటరు కింది పైపు మొదట్లో తడి. ఊళ్ళో మెకానిక్కుని పిలిస్తే రేడియేటరు మొత్తం దింపాలన్నాడు. ముందు ఆ పైపుని పట్టి ఉంచే క్లిప్పు బిగించమన్నాను, ఆ తరవాత చూద్దామన్నాను. బిగించాడు, తడి ఆగిపోయింది.

అతను వెళ్ళాక మావారిని ఎక్కించుకుని కారుని కాలవగట్టు దారిలో ముక్కెత్తి నిలిపాను. చల్లగా ఉండగానే మూత తీసి ఇంజను నడిపాను. బుడగలు వచ్చినంతసేపు వచ్చి ఆగాయి. మూత బిగించి సీసాలో కూలెంటు పోస్తుంటే, ఇంకాస్త పోయాలని చెయ్యి ఆశపడింది. ఆపుకున్నాను.

"నీళ్ళు గీత దగ్గరున్నాయా?" అని కారులోంచి మావారు అడిగారు.

సీసా మీదికి వంగి చూశాను. గులాబీరంగు కూలెంటు ఆకుపచ్చ గీతని తాకి నిలిచింది. గీత చివర, ఆయన వేలు ఎత్తిన చోట, బొటనవేలి ముద్ర రేఖలతో సహా అలాగే ఉంది. దాని పైన సీసా ఖాళీగా ఉంది.